నాలుగో కట్ట వరస

హిస్కే ఆ దారాన్ని కత్తెరతో తెంపింది. 1978 మార్చిలో ఒక బుధవారం, పదిగంటల కాఫీకి ఇంకో పావుగంట ఉందనగా. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. అప్పటికి ఆమెకి ఇరవయ్యారేళ్ళు. కాగితాల ఇంట్లో చేరి ఏడాది దాటింది, పని బాగా చేస్తుందన్న పేరు అప్పుడప్పుడే వస్తోంది.

ఆ ఊళ్ళో ఆర్కైవ్‌ని అందరూ కాగితాల ఇల్లనే అంటారు. ఫ్రీస్‌లాండ్‌లోని ఆ చిన్న ఊరికి ఒకప్పుడు విశ్వవిద్యాలయం ఉండేది. నెపోలియన్ కాలంలో మూతపడింది. ప్రొఫెసర్లు పోయారు, విద్యార్థులు పోయారు, వాళ్ళు అప్పులు పెట్టి తాగిన కొట్లు కూడా చాలావరకు పోయాయి. కాగితాలు మిగిలాయి. వాటిలో గెలియస్ హెట్టింగా అనే లెక్కల ప్రొఫెసరువి ఏడు కట్టలున్నాయి. మూడువందల ఏళ్ళ కిందటి మనిషి. పొద్దున దొరల పిల్లలకి లాటిన్‌లోనూ, మధ్యాహ్నం భూములు కొలిచేవాళ్ళకీ సముద్రపు గట్లు కట్టేవాళ్ళకీ ఊరి భాషలోనూ పాఠం చెప్పేవాడు. ఆయనకొక అలవాటుంది. బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితాన్నీ, తను రాసిన పాఠమైనా, విద్యార్థి చేసిచ్చిన లెక్కైనా, కట్టెలవాడి చీటీ అయినా, ఆ రోజు పని కాగానే పెద్ద సూదితో గుచ్చి దారానికి ఎక్కించేవాడు. పాతది కింద, కొత్తది పైన. దారం నిండితే ముడివేసి ఇంకోటి మొదలుపెట్టేవాడు. ఎక్కించినదాన్ని మళ్ళీ తీసేవాడు కాదు. కాబట్టి తేదీ వెయ్యని కాగితానిక్కూడా, కింద ఏముందో పైన ఏముందో చూస్తే తేదీ దొరికిపోతుంది.

ఈ సంగతి హిస్కేకి అప్పుడు తెలియదు. దారం బిగుసుకుపోయి కాగితాలు చిరుగుతున్నాయని తెలుసు. పాఠాల మధ్య కట్టెల చీటీలు, చీటీల మధ్య హాజరుపట్టీలు కలగాపులగంగా ఉన్నాయని తెలుసు. ఆమె పడవవాడి కూతురు. సరుకుల పడవ వెనక భాగంలో ఆరుగురు బతికారు. గరిటె గరిటెల దగ్గర, తాడు తాళ్ళ దగ్గర లేకపోతే వాళ్ళమ్మ చెయ్యి వీపు మీద పడేది. ఆ పెంపకంతోనే, అన్నిటికంటే ఎక్కువ చిరుగుతున్న నాలుగో కట్ట ముందు కూచుని దారం తెంపి, నూట ముప్ఫయ్యెనిమిది కాగితాల్ని వారంలో సర్దేసింది. ప్రొఫెసరుగారి లాటిన్ పాఠాలు ముందు. వాటికి సంబంధించిన విద్యార్థుల కాగితాలు వాటి వెనక. చీటీలు చివర. ప్రతి కాగితం మూలన పెన్సిల్‌తో సన్నగా అంకె వేసింది. ప్రతి రెండింటి మధ్యా ఒక తెల్ల కాగితం పెట్టింది. దారాన్ని చెత్తబుట్టలో పడేసింది.

అప్పటి అధికారి వచ్చి అట్టపెట్టె మూత తీసి చూశాడు. "ఇదిగో, పనంటే ఇదీ" అన్నాడు. ఆ రోజు కాఫీతో ఆమెకి రెండో బిస్కెట్ ఇచ్చాడు. అక్కడ కాఫీకి ఒకటే బిస్కెట్, ఇవ్వగానే డబ్బా మూత పడిపోతుంది.

ఐదో కట్ట మొదలెట్టేలోగా ఆమెని హేగ్‌కి శిక్షణకి పంపారు. మొదటిరోజు మొదటి గంటలోనే పాఠం చెప్పినావిడ బల్ల మీద అరచేత్తో కొట్టి చెప్పింది. పాత కాగితాలు ఏ వరసలో దొరికితే ఆ వరస కదపకూడదు, కాగితం ఎంత సాక్ష్యమో వరసా అంత సాక్ష్యం అని. హిస్కే ఆ మాటని పుస్తకంలో రాసుకుంది. తర్వాత చాలాసేపు ఇంకేమీ రాసుకోలేదు. తిరిగొచ్చి మిగతా కట్టల దారాలు ముట్టుకోలేదు. నాలుగోదాని సంగతి ఎవరితోనూ అనలేదు. పదమూడేళ్ళపాటు ఎవరూ అడగనూ లేదు.

1991లో ఒక మంగళవారం వీబె మాస్టారు వచ్చాడు.

ఆమెకి భిన్నాలు నేర్పిన మాస్టారే. పడవవాళ్ళ పిల్లలు కాలవలు గడ్డకట్టి పడవలు కదలని నెలల్లోనే బడికి వచ్చేవాళ్ళు. ఆ మూణ్ణెల్లలో ఏడాది చదువు వాళ్ళకి ఎక్కించాలి. మిగతా అయ్యవార్లు వాళ్ళని వెనక కూచోబెట్టి వదిలేసేవాళ్ళు. వీబె మాస్టారు తన మధ్యాహ్నపు రొట్టె తెచ్చి, హిస్కే ముందు ఎనిమిది ముక్కలు కోసి, మూడు తను తిని, ఎంత మిగిలిందో చెప్తేనే ఆ మిగిలింది నీదనేవాడు. ఆమెకి లెక్కలు అట్లా వచ్చాయి, ఆకలి మీద.

ఉద్యోగం వదిలాక ఆయన సొంతూరు వెస్టర్‌హెమ్ చర్చి పద్దుల్లో ఒక పేరు పట్టుకున్నాడు. ఎప్పె సీబ్రెన్స్. గట్టు పనివాడి కొడుకు, హెట్టింగా దగ్గర మధ్యాహ్నం పాఠాలకి వెళ్ళినవాడు. వంకర గట్టు వెనక చిక్కిన నేల ఎంతో కొలవడానికి హెట్టింగా పేరుమీద ఒక పద్ధతి ఉంది. ఆ ప్రాంతంలో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. ఊళ్ళో ఒక వీధికి ఆయన పేరు కూడా ఆ పద్ధతి పుణ్యమే. నాలుగో కట్టలో ఆ పద్ధతి రెండుచోట్ల ఉంది. డెబ్భయ్యొకటో కాగితం ప్రొఫెసరుగారి లాటిన్ పాఠం, 1694 ఫిబ్రవరి అని తేదీ ఉంది. డెబ్భైరెండోది అరచెయ్యంత చిత్తుకాగితం. ఊరి భాషలో ఉంది, కింద ఎప్పె పేరు ఉంది, తేదీ లేదు.

"ఇందులో ఏది ముందు, హిస్కే?" అన్నాడు మాస్టారు ఆ మొదటిరోజున. "మావాడిది వెనకుంటే పాఠం విని రాసుకున్నట్టు. ముందుంటే ప్రొఫెసరు వాడి దగ్గర నేర్చుకున్నట్టు. దీనికి దారం లేదు, ఈ వరస హెట్టింగా వేసిందేనా?"

హిస్కే చేతిలో పెట్టె మూత ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"మాకు ఎట్లా వచ్చిందో అట్లాగే ఉంది, మాస్టారూ."

అంతే. అంత చిన్న మాట. అడిగింది ఇంకెవరైనా అయితే చెప్పేసేదేమో. రొట్టె కోసి లెక్క నేర్పినవాడి ముందు, నేనే పాడుచేశానని నోరు రాలేదు.

మాస్టారు నమ్మాడు. నమ్మాడు గాని వదల్లేదు. వరస కాదంటే ఇంకో దారి ఉంటుందని ప్రతి మంగళవారం పదకొండుకి బస్సు దిగేవాడు. ఎప్పె చేతిరాత, ఎప్పె వాడిన కొలతలు, ఎప్పె బంధువుల వీలునామాలు, అన్నీ తిరగేశాడు. లోపలికి వస్తూనే అడిగేవాడు.

"ఇవాళైనా మావాడు ముందుకొచ్చాడా?"

"ఇంకా వెనకబెంచీలోనే ఉన్నాడు మాస్టారూ."

"నీకు నేను చెప్పిన చదువు వాడికి చెప్పుంటే ఈపాటికి వచ్చుండేవాడు."

"మాస్టారికి కాఫీ తెమ్మంటారా?"

"తే. బిస్కెట్ డబ్బా ఎవరి దగ్గరుంది? ఆ డబ్బాకి బ్యాంకుకున్నంత కాపలా."

జిల్లా చరిత్ర సంఘంవాళ్ళు నవ్వేవాళ్ళు. వీబెగారిని వదిలితే వెస్టర్‌హెమ్ గొర్రెలక్కూడా వర్గమూలం వచ్చని రాస్తాడని ఒకసారి వాళ్ళ పత్రికలోనే వేశారు. మాస్టారు ఆ ముక్క కత్తిరించి తెచ్చి హిస్కేకి చూపించాడు. "గొర్రెలకి రాదులే" అన్నాడు. "ప్రయత్నించి చూశాను." ఇద్దరూ నవ్వారు. హిస్కే లోపలికెళ్ళి అరల మధ్య కాసేపు నిలబడి వచ్చింది.

ఈ ఏళ్ళలోనే హిస్కే భర్త లోల్కె పోయాడు. పిల్లలు లేరు. కాగితాల ఇంట్లో ఆమెకి చెయ్యి తిరగని పని లేకుండా పోయింది. చిరిగినదాన్ని అతికేది, బూజు పట్టినదాన్ని ఆరబెట్టేది, ఏ పెట్టె ఏ అరలో ఉందో దీపం వెయ్యకుండా చెప్పేది. కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదటిరోజు వరస కదపకూడదనే నేర్పేది. చాలా గట్టిగా నేర్పేది. నాలుగో కట్టని మాత్రం తనంతట తను ఎప్పుడూ విప్పి చూడలేదు. మాస్టారు చెప్పిందే నిజమని అందులో తేలుతుందేమోనని భయం.

2018 అక్టోబరులో మాస్టారు రెండు మంగళవారాలు రాలేదు. మూడో మంగళవారం ఆయన కూతురు నింకె వచ్చింది. గొడ్ల డాక్టరు. రబ్బరు బూట్లతోనే లోపలికొచ్చి, బల్ల మీద సంచీ పెట్టి, పదకొండు నోటుపుస్తకాలు తీసింది.

"నాన్న పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, బాగానే ఉన్నాడు. కానీ బస్సు లేదిక. ఇవి మీకిమ్మన్నాడు. ఇంట్లో ఉంటే నేను పొయ్యిలో వేస్తానని ఆయనకి భయం."

"వేస్తావా?"

"మా ఇంట్లో పొయ్యే లేదు హిస్కే. ఎనభయ్యేడేళ్ళొచ్చాయి, ఆయనకెవరు చెప్తారు?" నింకె చివరి పుస్తకం మీద వేలితో కొట్టింది. "ఇందులో ఆఖరి పేజీ చూడు. నన్ను టైపు చెయ్యమన్నాడు. చరిత్ర సంఘం పత్రికకి పంపాలట. నెలాఖరు లోపల."

హిస్కే చూసింది. నల్లబల్ల మీద తెల్లసుద్దతో రాసినట్టుండే పెద్ద అక్షరాలు, ఇప్పుడు వణుకుతున్నాయి. *వరస సాక్ష్యం. వరస నా పక్షాన లేదు. ఎప్పె సీబ్రెన్స్ పాఠం విని రాసుకున్నాడు. ఇరవై ఏడేళ్ళుగా నేను చెప్పింది తప్పు. నన్ను నమ్మినవాళ్ళకి క్షమాపణ.*

"దీన్ని పంపద్దు" అంది హిస్కే.

"ఎందుకు?"

"రెండు వారాలు ఆగు."

"ఎందుకంటే చెప్పవేం?"

"ఆగమంటున్నానుగా, అమ్మా."

నింకె ఆమె మొహంలోకి చూసి, ఖాళీ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

అదే వారం అధికారి రూర్డ్ హెట్టింగా కాగితాల జాబితా అచ్చు ప్రతి తెచ్చి హిస్కే బల్ల మీద పెట్టాడు. ఇరవయ్యేళ్ళ పని అది, అందులో ముప్పాతిక ఆమెదే. డిసెంబరులో ఆమె పదవీ విరమణ రోజునే ఆ పుస్తకం బయటికి రావాలని అతని పట్టుదల. ముందుమాటలో ఒక వాక్యం కింద ఆమె సంతకం కావాలి. *ఏడు కట్టలూ భాండాగారానికి చేరినప్పటి వరసలోనే ఉన్నవి.*

"సంతకం పెట్టెయ్, కేక్ ఆర్డరు ఇచ్చేస్తాను" అన్నాడు రూర్డ్.

"సోమవారం తర్వాత" అంది హిస్కే.

సోమవారాలు చదువుగది మూసి ఉంటుంది. హిస్కే నాలుగో కట్ట పెట్టె తెచ్చి, నాలుగు బల్లలు కలిపి, నలభై ఏళ్ళ తర్వాత మొదటిసారి నూట ముప్ఫయ్యెనిమిది కాగితాల్నీ పరిచింది. తను వేసిన పెన్సిలు అంకెల్ని చూడదలచుకోలేదు. పురుగు చిల్లుల్ని చూసింది.

కట్ట కట్టగా పడున్న కాగితాల్లో పురుగు పైనుంచి కిందికి తొలుచుకుంటూ పోతుంది. తిన్నగా పోదు, ఒక్కో కాగితానికీ ఆవగింజంత పక్కకి జరుగుతుంది. ఒక కాగితంలో చిల్లు ఎక్కడుందో తెలిస్తే దాని కింది కాగితంలో ఎక్కడుండాలో తెలుస్తుంది. ఈ పని ఆమె వేరే కట్టలకి ఎన్నోసార్లు చేసింది. ఈ కట్టకి చెయ్యాలని ఎన్నోసార్లు అనుకుని మానుకుంది. ఇప్పుడు దీపం ఏటవాలుగా వంచి, ఒక్కో చిల్లుకీ కొలబద్ద పెట్టి, కాగితాల్ని ఒకటొకటిగా జరుపుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి ముప్ఫయ్యారు కుదిరాయి. తెచ్చుకున్న రొట్టె పొట్లం విప్పకుండానే ఉండిపోయింది. మర్నాడు, ఆ తర్వాతి రోజూ చదువుగది పనయ్యాక లోపలి గదిలో చేసింది. తర్వాతి సోమవారానికి నూటపంతొమ్మిది కాగితాలు తిరిగి ప్రొఫెసరుగారి వరసలోకి వచ్చాయి. కట్టెల చీటీ పక్కన పాఠం, పాఠం పక్కన హాజరుపట్టీ. ఒక మనిషి గడిపిన రోజుల్లా ఉంది. తను ఎంత నీటుగా దాన్ని చంపేసిందో ఆమెకి అప్పుడు కళ్ళకి కట్టింది.

ఎప్పె కాగితానికి పురుగు చిల్లే లేదు. అది చెయ్యెడే. పురుగు నడిచిన మూల దాకా రాదు.

హిస్కే కుర్చీలో కూలబడింది. మిగతావన్నీ దొరికి, మాస్టారికి కావలసిన ఆ ఒక్కటే దొరకలేదు. దారం ఉండుంటే అరనిమిషం పని. ఆ రోజు ఇక చాలనిపించింది. కాగితాలు ఎత్తిపెట్టడానికి లేచింది. ఎత్తేటప్పుడు ప్రతిదాన్నీ తిప్పి వెనకవైపు చూడడం ఆమె చేతి అలవాటు. 1693 నవంబరు తొమ్మిది నాటి హాజరుపట్టీని తిప్పినప్పుడు చెయ్యి ఆగింది.

పట్టీ వెనక ఖాళీ. ఆ ఖాళీలో చెయ్యెడు చోటు చుట్టూ ఉన్న కాగితం కంటే కాస్త తెల్లగా ఉంది. ఆ తెల్లచోటులో లేత గోధుమరంగు గీతలు. పాత సిరాలో ఇనుము ఉంటుంది. వందల ఏళ్ళు ఒకదాన్నొకటి ఒత్తుకుని పడున్న కాగితాల్లో కిందిదాని సిరా పైదాని వీపుకి కాస్త కాస్త ఎక్కుతుంది, తిరగేసిన అక్షరాల్లో. 1978 నుంచి మధ్యన తన తెల్లకాగితాలున్నాయి కాబట్టి ఇది అంతకు ముందు ఎక్కినదే. హిస్కే ఎప్పె కాగితం తెచ్చి ఆ చోటు మీద పెట్టి చూసింది. అంచు అంచుకి సరిపోయింది. నవంబరు తొమ్మిది పట్టీకి కింద ఉంది ఎప్పె కాగితం. పాఠం ఫిబ్రవరిది. కుర్రాడే మూడు నెలలు ముందు.

ఆమె పొంగిపోలేదు. ఇరవై ఏడేళ్ళు అనుకుంది, అంతే.

పొద్దున్నే రూర్డ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పింది. అతను మొదట నమ్మలేదు. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వా?" అన్నాడు చివరికి. "వరస కదిపితే వేళ్ళు విరిచేస్తానని నాకు చెప్పిన నువ్వా?"

"నేనే."

"సరే. విను. ఎప్పె సంగతి వేద్దాం, పురుగు చిల్లుల సంగతి వేద్దాం. పాత రోజుల్లో ఎప్పుడో ఈ వరస చెదిరిందని ఒక మాట రాద్దాం. చాలు. దారం ఎవరు తెంపారో ఎవడిక్కావాలి? నెలన్నరలో వెళ్ళిపోతున్నావు. పూలు పెట్టి పంపిద్దామనుకుంటుంటే నీ మొహాన నువ్వే మసి పూసుకుంటానంటావేం?"

"ఒకాయనకి కావాలి."

"మాస్టారికా? ఆయన గెలిచాడు కదా! ఆ మాట చెప్పు, పండగ చేసుకుంటాడు. మిగతాది ఎందుకు?"

"ఇరవై ఏడేళ్ళు ఆయన ఓడింది నా మాట మీద, రూర్డ్. ఆ మాట తప్పని చెప్పకుండా గెలిచారని ఎట్లా చెప్పను?"

రూర్డ్‌కి తిట్టాలనుంది, తిట్టలేకపోయాడు. "వెళ్ళు" అన్నాడు. "వెళ్ళి చెప్పు. అచ్చు ఆపిస్తాను."

వెస్టర్‌హెమ్‌లో మాస్టారి మంచం ముందుగదిలోకి మార్చారు, కిటికీలోంచి గట్టు కనిపించేట్టు. నింకె చక్కెర రొట్టె కోసి, వెన్న రాసి పెట్టి, పశువులపాకలోకి వెళ్ళిపోయింది. హిస్కే కోటు విప్పకుండా కూచుంది. ముందు నిజం చెప్పింది. 1978, బుధవారం, కత్తెర. తర్వాత అబద్ధం చెప్పింది ఎప్పుడో చెప్పింది. ఆ తర్వాతే ఎప్పె సంగతి చెప్పింది. ఆ వరస మార్చితే ఆయన సంతోషం అడ్డుపెట్టుకుని తప్పించుకున్నట్టవుతుందని దారంతా అనుకుంటూనే వచ్చింది.

మాస్టారు కిటికీవైపు తిరిగాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి పొర.

"ఏడాదికి ఎన్ని మంగళవారాలు వచ్చేవాణ్ణి?"

"మాస్టారూ..."

"లెక్క నీకు నేనే నేర్పాను. చెప్పు."

"వేసవి సెలవులు తీసేస్తే నలభై ఐదు."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై ఏడు."

"హెచ్చవెయ్."

"పన్నెండువందల పదిహేను."

"పన్నెండువందల పదిహేనుసార్లు నాకు కాఫీ తెచ్చిచ్చావు" అన్నాడు మాస్టారు. "ఒక్కసారి కూడా నోరు పెగల్లేదా?"

"లేదు."

"ఎందుకు?"

"మాస్టారు నన్ను చూసే చూపు పోతుందని."

ఆయన తల తిప్పి ఆమె ఉన్న దిక్కుకి చూశాడు. ఆమె మొహం ఆయనకి కనిపిస్తోందో లేదో ఆమెకి తెలియలేదు.

"నేను చూడాలి ఆ కాగితం" అన్నాడు. "నీ మాట మీద కాదు. చూసి."

ఆ కాగితాలు ఇల్లు దాటవు. కాబట్టి మాస్టారే దాటాడు. శుక్రవారం నింకె ఆయన్ని గొడ్ల మందులు మోసే వ్యానులో వెనక పరుపు వేసి తెచ్చింది. కాగితాల ఇంటికి లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. చదువుగదిలోంచి చేతుల కుర్చీ కిందికి తెచ్చి, రూర్డ్ ఒకవైపు, నింకె ఒకవైపు పట్టి ఆయన్ని కూచోబెట్టి ఎత్తారు.

"నెమ్మదే అమ్మాయ్, నేను దూడని కాను" అన్నాడు మాస్టారు సగం మెట్ల మీద.

"దూడైతే ఇంత గొణగదు నాన్నా."

బల్ల మీద హాజరుపట్టీ బోర్లించి ఉంది. హిస్కే దీపాన్ని అంచునుంచి పడేట్టు వంచింది. మాస్టారు ముందుకు వంగాడు. ముక్కు కాగితానికి బెత్తెడు దూరంలో ఉంది. భూతద్దం ఇచ్చింది. దీపం అటు తిప్పింది, ఇటు తిప్పింది. కిందవీధిలో సైకిలు బెల్లు వినిపించింది.

మాస్టారు వెనక్కి వాలాడు.

"ఏమీ లేదు" అన్నాడు. "నాకు వట్టి కాగితమే కనిపిస్తోంది."

"ఉంది మాస్టారూ" అన్నాడు రూర్డ్. "నేను కూడా చూశాను, లేతగా..."

"నువ్వు ఊరుకో, బాబూ. అచ్చు ఆగిపోతే నీకు కష్టం. నువ్వు ఏదైనా చూస్తావు." ఆయన చెయ్యి బల్ల అంచుని వెతుక్కుని పట్టుకుంది. "ఇంతా చేసి మళ్ళీ హిస్కే మాటే నమ్మాలన్నమాట నేను."

నింకె భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"చదువు" అన్నాడు మాస్టారు. "అక్కడ ఏముందో అది చదువు. ఎప్పె కాగితం ఇక్కడినుంచి తీసెయ్. రూర్డ్, దాన్ని పక్కగదిలోకి తీసుకుపో. దాన్ని చూసి ఇక్కడ చదవకూడదు."

రూర్డ్ కాగితాన్ని అట్టలో పెట్టి తీసుకుపోయాడు. హిస్కే చిన్న అద్దం తెచ్చి, తిరగబడ్డ అక్షరాలు సరిగ్గా కనిపించేట్టు పట్టీకి ఎదురుగా పట్టుకుంది. ఆ కాగితంలోని మాటలు ఆమెకి కంఠతా వచ్చు. మాస్టారికీ వచ్చు. ఇద్దరికీ వచ్చని ఇద్దరికీ తెలుసు.

"గట్టు వెనక నేలని" అని మొదలుపెట్టింది. "సన్నటి... పట్టీలుగా కోయి. పట్టీ..." ఆగింది.

"ఊఁ. పట్టీ ఎంత సన్నమైతే."

"అది కాగితంలో ఉంది మాస్టారూ. ఇక్కడ లేదు. పట్టీ అన్న తర్వాత రెండు మాటలు లేవు. మరక కూడా లేదు."

మాస్టారి మొహం కదల్లేదు. "ముందుకు పో."

"తప్పు అంత... చిన్నది. తర్వాతది గీత, లెక్క కావచ్చు, చదవలేను. తర్వాత... 'నీళ్ళు' అని ఉన్నట్టుంది. నీళ్ళో, నేలో, చెప్పలేను."

"కాగితంలో 'నీళ్ళు'."

"తెలుసు మాస్టారూ. ఇక్కడ చెప్పలేను అంటున్నాను."

అట్లా మొత్తం చదివింది. తెలిసిన మాటని తెలిసినట్టు చదవడానికంటే, కనబడని చోట కనబడలేదని ఒప్పుకోవడానికి చాలా ఎక్కువసేపు పట్టింది. మధ్యలో ఒకచోట ఆమెకి అక్షరం కనబడినట్టే అనిపించింది, అద్దం దగ్గరికి తెచ్చి చూస్తే కాగితం నారే. "లేదు" అంది. చివర్లో పేరు మాత్రం స్పష్టంగా ఉంది. *ఎప్పె*. తండ్రి పేరు సగమే ఎక్కింది. "సీబ్..." అని ఆపేసింది.

"మాటలు మొత్తం ఎన్ని?" అన్నాడు మాస్టారు.

"యాభై నాలుగు."

"ఎన్ని దొరికాయి?"

"ముప్ఫయ్యొకటి. అనుమానంగా ఇంకో ఆరు."

మాస్టారు తల ఊపాడు, బడిలో పలక చూసి పక్కన పెట్టినట్టు. బల్ల మీద చెయ్యి అట్లాగే ఉంది. తర్వాత కూతురివైపు తిరిగి, టైపు చెయ్యమన్న ఆ క్షమాపణ ఇక పంపక్కర్లేదన్నాడు. పక్కగదిలోంచి రూర్డ్ తిరిగొస్తే, జాబితాలో ఎట్లా రాయాలో అతనికి చెప్పాడు. ముందు ఎప్పె, తర్వాత హెట్టింగా. మాటలు పోయినచోట పోయాయని. దారం తెంపినవాళ్ళ పేరు, సంవత్సరం, నెల.

"పేరు కూడానా?" అన్నాడు రూర్డ్.

"ఆమెనడుగు."

హిస్కే అప్పటికే అచ్చు ప్రతి ముందుకు లాక్కుని ఉంది. *చేరినప్పటి వరసలోనే ఉన్నవి* అన్న వాక్యాన్ని కొట్టేసి, అంచున పెన్సిలుతో తన పూర్తిపేరు రాసింది. రాశాక పెన్సిలు పక్కన పెట్టింది.

క్షమించానని మాస్టారు అనలేదు. ఆమె అడగలేదు. నింకె గడియారం చూసింది, మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో అనుకుంటూ.

"తొందర లేదు" అన్నాడు మాస్టారు. కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "హిస్కే, ఇంకోసారి చదువు. మొదటినుంచి. లేనిచోట లేదనే చెప్పు."

హిస్కే అద్దం అందుకుంది.